వాన వెలిశాక ధాన్యం ఆరబోసే ముందు

మే నెలలో గోదావరి జిల్లాల్లో ఇది మామూలే, బంగాళాఖాతంలో తుపాను దాటిపోగానే పడమటి గాలి తిరిగి, నిన్నటిదాకా చిత్తడిగా ఉన్న చోటే ఒళ్లు మాడిపోయే పొడి ఎండ కాస్తుంది.

- ముందు కళ్లం చూడండి. అరచేయి ఆనిస్తే చల్లగా తగిలిందా, ఆగండి.
- ఎండ బాగుంది కదా అని పలుచగా పరిచి వదిలేయకండి, గింజ పగిలి మరలో నూకైపోతుంది, గంటకోసారి కాళ్లతో తిరగేస్తూ ఉండాలి. ప్రభుత్వ కొనుగోలుకు గింజలో తేమ 17 శాతం దాటకూడదు.
- బరకాలు దగ్గరే ఉంచండి, సాయంత్రం ఉరిమితే పరుగెత్తక్కర్లేదు.
- పదకొండు దాటితే నీడకు వచ్చేయండి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. ఎవరికైనా చెమట ఆగి ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వెంటనే 108కి ఫోన్ చేయండి, ఈలోగా తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఉండండి.