ఆకస్మిక వరద ఇంట్లోకి వచ్చినప్పుడు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి?

వరద ఇంట్లోకి ఎప్పుడూ వీధి తలుపు నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. చాలాసార్లు ముందుగా బాత్‌రూమ్ నేల మీది జాలీలోంచి నల్లటి నీరు బుడగలతో పైకి తన్నుకొస్తుంది. వీధిలోని మురుగు కాలువ నిండి, అందులోని నీటి మట్టం మన ఇంటి నేల కంటే ఎత్తుకు చేరగానే ఆ నీరు గొట్టాల గుండా వెనక్కి నడవడమే ఇందుకు కారణం. జోరు వాన కురుస్తున్న రాత్రి టాయిలెట్‌లోంచి గుడగుడమని శబ్దం వినిపిస్తే దాన్ని హెచ్చరికగానే తీసుకోవాలి. గడప దాటి నీరు రావడానికి ఇంకా కొంత వ్యవధి ఉందని అర్థం. ఆ కాస్త సమయాన్ని ఏ వరుసలో వాడుకున్నామన్నదే ఆ తర్వాతి గంటలన్నిటినీ నిర్ణయిస్తుంది. కంగారులో చేతులు ముందుగా సామాన్ల మీదికి పోతాయి కాబట్టి, ఈ వరుసను వాన లేని రోజునే మనసులో పెట్టుకోవాలి: ముందు మనుషులు, తర్వాత కరెంటు, ఆ తర్వాత తాగునీరు, చివరగా వస్తువులు.

1. అందరినీ లేపండి, ఉండాలో వెళ్లాలో తేల్చుకోండి

ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ లేపి ఒకచోటికి చేర్చండి. నడవలేని వృద్ధులను, గర్భిణులను, పసిపిల్లలను మెట్లు పొడిగా ఉండగానే పై అంతస్తుకు చేర్చాలి, ఎందుకంటే తడిసి పాచిపట్టినట్టు జారే మెట్ల మీద, చీకట్లో, ఒక మనిషిని మోసుకుంటూ ఎక్కడం బలమైన వారికి కూడా ప్రమాదకరమే.

ఇల్లు ఖాళీ చేయమని అధికారులు చెప్పి ఉంటే, దారి పొడిగా ఉన్నంతలోనే బయలుదేరండి. మట్టి గోడల ఇంట్లో ఉన్నవారు, మేడ లేని ఇల్లు పల్లంలో ఉన్నవారు ఆ మాట కోసం ఎదురుచూడకుండా ముందే ఎత్తైన పక్కా భవనానికి చేరుకోవడం మంచిది. మట్టి గోడ నీటిలో నాని, పైకి ఏమీ తెలియకుండానే కూలిపోతుంది. వీధిలో నీరు అప్పటికే ప్రవహిస్తూ ఉంటే మాత్రం, గట్టి ఇంటి పై అంతస్తు ఆ దారి కంటే సురక్షితం. ప్రవహించే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్లను పడగొట్టగలదు, 30 సెంటీమీటర్లకు చిన్న కార్లు తేలిపోతాయి, 60 సెంటీమీటర్లకు దాదాపు ఏ వాహనమైనా కొట్టుకుపోతుంది. పైగా ఆ బురద నీటి కింద మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. కారును కాపాడుకోవడానికి నేలమాళిగలోని పార్కింగుకు ఎవరినీ పంపకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి.

2. కరెంటు, గ్యాస్ ఆపండి

నీరు కింది ప్లగ్ పాయింట్లను చేరకముందే మెయిన్ స్విచ్ ఆపేయాలి. నిలబడిన నేల, స్విచ్ ఆపే చేయి రెండూ పొడిగా ఉన్నప్పుడే ఆ పని చేయాలి. బోర్డు దగ్గరికి వెళ్లాలంటే నీటిలో దిగాల్సి వస్తే, ఇక ఆ ప్రయత్నం మానుకుని పైకి వెళ్లిపోండి.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. మెయిన్ ఆపినంత మాత్రాన ఇన్వర్టర్ ఆగదు. పైగా బయటి సరఫరా పోయిందనుకుని అది బ్యాటరీ నుంచి ఇంటి వైరింగుకు కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. కాబట్టి ఇన్వర్టర్‌ను విడిగా ఆపాలి. ఇంటిపై సౌర ఫలకాలు ఉంటే, వెలుతురు ఉన్నంతసేపూ వాటి తీగల్లో విద్యుత్తు ఉంటుంది కనుక వాటి జోలికి వెళ్లకూడదు. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌ను కూడా ఆపేయండి. ఖాళీ సిలిండరే కాదు, నిండు సిలిండర్ కూడా నీటిలో తేలి, గొట్టాన్ని లాక్కుపోవచ్చు.

3. గోడ మీద గీత గీయండి

ఒక సుద్దముక్కో బొగ్గుముక్కో తీసుకుని, నీరు తాకుతున్న చోట గోడ మీద ఒక గీత గీసి పక్కనే సమయం రాయండి. పది నిమిషాలకు మళ్లీ చూడండి. మొదటి పది నిమిషాల్లో రెండు వేళ్ల ఎత్తు, తర్వాతి పది నిమిషాల్లో నాలుగు వేళ్ల ఎత్తు పెరిగిందంటే వరద ఇంకా ఉద్ధృతమవుతోందని అర్థం. ఇక సామాన్లు వదిలేసి పైకి వెళ్లాల్సిందే. పెరుగుదల మందగిస్తే కొన్ని వస్తువులు సర్దుకునే వీలుంటుంది. చీకట్లో, వాన హోరులో భయం చెప్పే లెక్క కంటే ఈ గీతలు చెప్పే లెక్క నమ్మదగినది. మెట్లు ఉన్న ఇంట్లో ఎన్ని మెట్లు మునిగాయో చూసుకున్నా చాలు.

తలుపుల విషయంలో ఆలస్యం పనికిరాదు. 80 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపుకు ఒకవైపు మాత్రమే 30 సెంటీమీటర్ల నీరు నిలిస్తే దాని మీద దాదాపు 36 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది. అదే 60 సెంటీమీటర్లైతే ఆ ఒత్తిడి 140 కిలోలు దాటుతుంది. లోతు రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఇప్పుడు తేలిగ్గా తెరుచుకునే తలుపు అరగంట తర్వాత ముగ్గురు నెట్టినా కదలకపోవచ్చు. చెక్క తలుపులైతే నాని ఉబ్బి, చట్రంలో బిగుసుకుపోతాయి కూడా. అందుకే లోపలి గదుల తలుపులన్నీ తెరిచి ఉంచండి, ఎవరూ గది గడియ వేసుకుని పడుకోకుండా చూడండి, నేలమాళిగలో ఉన్నవారిని మొదటి తడి కనిపించగానే బయటికి రప్పించండి.

4. పైకి ఏం తీసుకెళ్లాలి

మొదటిది తాగునీరు. మనిషికి రోజుకు 3 నుంచి 4 లీటర్ల చొప్పున, కనీసం మూడు రోజులకు సరిపడా మూత ఉన్న పాత్రల్లో పైకి చేర్చండి. ఇంటిపై ట్యాంకులో అప్పటికే ఉన్న నీరు పనికొస్తుంది కానీ, నేల కింది సంపు మునిగిన తర్వాత మోటారు వేస్తే ఆ మంచి నీటిలో మురుగు కలుస్తుంది.

రోజూ వాడే మందులు, కళ్లజోడు, టార్చి, ఫోను, పవర్ బ్యాంక్, వండనక్కర్లేని ఆహారం, పొడి బట్టలు, గట్టి చెప్పులు లేదా బూట్లు, ఒక తాడు, ఒక ఈల, గుర్తింపు పత్రాలు, ఆస్తి కాగితాలు తీసుకెళ్లాలి. కాగితాలను రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి మూతి కట్టండి. చేతిలో ఇంకా సమయం ఉంటే, మందమైన ప్లాస్టిక్ సంచిలో ఇసుక గానీ నీళ్లు గానీ నింపి, మూతి బిగించి, టాయిలెట్ గుంతలోనూ నేల జాలీల మీదా పెడితే మురుగు పైకి రావడం కొంత తగ్గుతుంది.

5. పైన వేచి ఉండే గంటలు

ఫోను వెలుతురు తగ్గించి, పొదుపు మోడ్‌లో పెట్టి, మాట్లాడటానికి బదులు సందేశాలు పంపండి. లైన్లు దొరకనప్పుడు కూడా చిన్న సందేశం వెళ్లే అవకాశం ఉంటుంది. ఆ సందేశంలో ఇల్లు ఎక్కడుంది, ఎంతమంది ఉన్నారు, నీరు ఎంత ఎత్తుకు వచ్చింది, కదల్లేని వారెవరైనా ఉన్నారా అన్నవి రాయండి. పగటిపూట దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు గుడ్డను కిటికీకి కట్టండి, రాత్రి టార్చితో సైగ చేయండి.

నీరు ఇంకా పెరిగితే బయటికి దారి లేని అటకలోకి ఎక్కకూడదు, అక్కడ చిక్కుకుపోతారు. తప్పనిసరైతే డాబా మీదికో కప్పు మీదికో చేరాలి. పాములు, తేళ్లు కూడా పొడి చోటు వెతుక్కుంటూ పైకే వస్తాయి కాబట్టి మూలల్లో, పరుపుల మడతల్లో వెలుతురు వేసి చూడకుండా చేయి పెట్టవద్దు. జనరేటర్ ఉంటే దాన్ని ఆరుబయట, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో మాత్రమే నడపాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తాగునీరు అయిపోతే, దొరికిన నీటిని గుడ్డతో వడకట్టి సలసలా మరిగాక కనీసం ఒక నిమిషం ఉంచాలి. 2,000 మీటర్లకు పైన ఎత్తున్న ప్రాంతాల్లో మూడు నిమిషాలు ఉంచాలి. పొయ్యి లేనప్పుడు 5–6 శాతం గాఢత ఉన్న, సువాసనలేవీ కలపని ద్రవ బ్లీచ్‌ను తేట నీటిలో లీటరుకు రెండు చుక్కల చొప్పున కలిపి, 30 నిమిషాలు ఆగి తాగవచ్చు. అయితే పెట్రోలు వాసన వచ్చే నీటిని ఎంత మరిగించినా అది తాగడానికి పనికిరాదు.

6. నీరు తీశాక

ఆరాటంగా ఇంట్లోకి పరుగెత్తకండి. గోడల్లో కొత్త పగుళ్లు, ఒరిగిన పైకప్పు, గ్యాస్ వాసన ఉంటే లోపలికి వెళ్లకూడదు. వెళ్లేటప్పుడు కర్రతో నేలను తడుముతూ అడుగు వేయండి. తడిసిన వైరింగును ఎలక్ట్రీషియన్ పరీక్షించేదాకా మెయిన్ ఆన్ చేయవద్దు. బయట నేల ఇంకా నానే ఉన్నప్పుడు నేలమాళిగలోని నీటినంతా ఒక్కసారిగా తోడేస్తే బయటి ఒత్తిడికి గోడలు లోపలికి కూలవచ్చు. రోజుకు మూడో వంతు చొప్పున తోడండి.

శుభ్రం చేయకముందే ప్రతి గదినీ ఫొటోలు తీయండి, బీమాకూ నష్టపరిహారానికీ అవే ఆధారం. వరద నీరు తగిలిన ఆహారాన్ని, కరెంటు పోయి నాలుగు గంటలు దాటిన ఫ్రిజ్‌లోని పాలు, మాంసం, వండిన పదార్థాలను పారేయండి. తడిసిన పరుపులకు 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలవుతుంది కనుక కిటికీలన్నీ తెరిచి, తడిని వీలైనంత త్వరగా బయటికి పంపాలి. బురద కడిగేటప్పుడు చేతి తొడుగులు, బూట్లు వేసుకోండి, బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ అమ్మోనియాతో గానీ ఎన్నడూ కలపవద్దు. గాయమైతే సబ్బు నీటితో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. తర్వాతి నెల రోజుల్లో ఎవరికైనా జ్వరం వస్తే, వరద నీటిలో తిరిగామన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే అలాంటి నీటి ద్వారా సోకే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) బయటపడటానికి అన్ని రోజులు పట్టవచ్చు.

గోడ కడిగేముందు, నీరు చేరిన అత్యంత ఎత్తైన మరకను కొలిచి, ఆ చోట పెయింటుతో చిన్న గీత గీసి తేదీ రాయండి. మళ్లీ వైరింగు చేయించేటప్పుడు ప్లగ్ పాయింట్లు, ఇన్వర్టర్, మెయిన్ బోర్డు అన్నీ ఆ గీతకు పైనే ఉండేలా చూడమని పనివాళ్లకు ఆ గీతనే చూపించి చెప్పండి.