కొండకు బాకీ: ఆండీస్ అర్పణలను చదవడం – 4వ పాఠం

ఈ పాఠం ఆగస్టు నెల తంతులతో మొదలవ్వాల్సింది. మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక దాన్ని వెనక్కి జరిపాను. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, అర్జెంటీనా, చిలీ సరిహద్దులో 6,739 మీటర్ల ఎత్తున ఉన్న యుయైయాకో అగ్నిపర్వతం మీద 1999లో దొరికిన, ఇంకా (Inca) సామ్రాజ్య కాలపు ముగ్గురు పిల్లల సమాధుల్లోని వస్తువుల జాబితా ఇచ్చి, "ఎవరు, ఎవరికి, ఎందుకు ఇచ్చారు?" అని అడిగాను. దాదాపు అందరిదీ ఒకటే జవాబు: దేవతలకు కోపం వచ్చింది, పాపపరిహారంగా పిల్లల్ని బలిచ్చి శాంతింపజేశారు.

తప్పు నాది కూడా. ఇంకాలు ఇలాంటి అర్పణను కపకొచా అనేవారు. ఆ మాటను 'రాచబలి' అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు వెళ్ళిపోయాను. ఇప్పుడు దాన్ని విప్పుదాం.

కపక్ అంటే రాచ, ఘనమైన. అందులో చిక్కేమీ లేదు. చిక్కంతా రెండో ముక్క 'హుచా' దగ్గర. స్పెయిన్ పాద్రీలు తమ మతాన్ని అక్కడివాళ్ళ కెచువా భాషలో బోధించాల్సి వచ్చినప్పుడు 'పాపం' అనడానికి ఈ మాటను తీసుకున్నారు. అప్పటి నుంచి చదివినవాళ్ళందరికీ అదే అర్థం అంటుకుంది. కానీ 1608లో లిమాలో అచ్చయిన కెచువా నిఘంటువు చూడండి. హుచాకు పాపంతో పాటు వ్యవహారం, వ్యాజ్యం అనే అర్థాలు కూడా ఇచ్చారు. అంటే ఇంకా తెమలని లెక్క, తీర్చాల్సిన పని. తెలుగులో దీనికి దగ్గరి మాట బాకీ అని నా అభిప్రాయం.

ఒక్క మాటకు ఇంత పట్టుబడతారేమిటి అంటారా? పాపం అని రాయగానే ఒక దోషి, పైన ఒక న్యాయాధికారి, మధ్యలో శిక్ష వచ్చి కూర్చుంటాయి. బాకీ అని రాస్తే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. కొండ నీళ్ళు పంపింది, కాబట్టి ఊరు కొండకు తినిపించాలి. ఊరు తినిపించింది, కాబట్టి కొండ మళ్ళీ నీళ్ళు పంపాలి. కొండ కూడా బాకీ పడుతుంది. పాపం అన్నవాళ్ళకు ఈ సగం ఎప్పటికీ కనిపించదు. పైగా మన భాషలో "అయ్యో పాపం" కూడా ఉంది. కొన్ని జవాబుల్లో పరిహారంగా మొదలైన పాపం మూడో వాక్యానికి జాలిగా మారిపోయింది. ఏ పాపమో రాసినవాళ్ళకే తెలియలేదు.

కొందరు 'మొక్కు' అని రాశారు. కొంత నయం, కానీ అదీ సరిపోదు. మొక్కులో కోరిక తీరాక చెల్లింపు. ఆండీస్‌లో ముందే తినిపిస్తారు. అక్కడ ఊళ్ళల్లో ఐని అనే పద్ధతి ఉంది: ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. మన దగ్గర బదులు పనికి వెళ్ళడం తెలిసినవాళ్ళకు వివరించక్కర్లేదు. ఆ లెక్కలోకి కొండనీ నేలనీ కూడా చేర్చుకోండి, సగం పాఠం వచ్చేసినట్టే.

నేనైతే కొత్తవాళ్ళను సమాధుల దగ్గర మొదలుపెట్టనివ్వను. ఆకుల దగ్గర మొదలుపెట్టమంటాను. చిరగని కోకా ఆకులు మూడు ఏరి, ఒకదాని మీద ఒకటి విసనకర్రలా పేర్చి, కాడల దగ్గర వేళ్ళతో పట్టుకుంటారు. నోటి దగ్గరికి తెచ్చి, చుట్టూ ఉన్న కొండలను పేరుపేరునా పిలుస్తూ మెల్లగా ఊదుతారు. దీన్ని కింతు అంటారు. ఇవాళ్టికీ, ఒకప్పటి ఇంకాల రాజధాని కుస్కో చుట్టుపక్కల చూడొచ్చు. ఇందులో భయం లేదు, పరిహారం లేదు. పిలిచి పెట్టడం ఉంది. దీన్ని చదవడం వస్తే పెద్దవాటి దగ్గర తడబడరు.

అర్పణ కనిపించగానే నేను వేసే మొదటి ప్రశ్న: ఈ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది? ముల్యు అనే ఎర్రటి ముళ్ళ గవ్వనే తీసుకోండి. అది ఈక్వడార్ వైపు వెచ్చటి సముద్రంలో పెరుగుతుంది. మంచు శిఖరం మీదకు ఎందుకు మోశారు? ఊటలన్నీ సముద్రం బిడ్డలని, నీళ్ళన్నిటికీ సముద్రమే తల్లి అని వాళ్ళ నమ్మకం. అందుకే ఊటలకు గవ్వలు పెట్టేవారు. వాన కావాలంటే తల్లి ముక్కను బిడ్డ దగ్గరికి తీసుకెళ్ళారన్నమాట. చిచా అనే మొక్కజొన్న కల్లు పోసే కేరో గ్లాసులు జంటగా చేయడం, సూర్యుడికి తెల్ల లామాలు (ఒంటె జాతి పశువులు) ఇవ్వడం, ఇంటి పునాదిలో లామా పిండం పాతడం కూడా ఇదే ప్రశ్నతో మీరే విప్పుకోగలరు.

ఇక పిల్లలు. బాకీ అన్నానని ఇదంతా సమానుల మధ్య లెక్క అనుకోకండి. ఎవరి బాకీని ఎవరు తీర్చారో చూడాలి. ఓక్రోస్ అనే ఊళ్ళో తాంతా కార్వా అనే చిన్నపిల్ల కథను 1621లో ఒక పాద్రీ రాసి పెట్టాడు. తండ్రి కాకె పోమా ఆమెను ఇంకా చక్రవర్తికి సమర్పించాడు. కుస్కోలో ఆమెకు ఘనంగా ఉత్సవాలు చేసి, సొంతూరి కొండ మీదకే తిరిగి పంపించి అక్కడ సమాధి చేశారు. కుస్కోలో జరిగిన మర్యాద చాలు, ఇక ముగించండి అని ఆమె అన్నట్టు ఊరి పెద్దలు చెప్పుకునేవారు. తండ్రికి ఊరి పెత్తనం దక్కింది. యుయైయాకో మీది పెద్దమ్మాయి పళ్ళ మధ్య కోకా ఆకుల ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమె చివరి నెలల్లో కోకా, చిచా ఎంతగా పెంచారో 2013లో జడల పరీక్షలో తేలింది. ఆ లెక్కలో ఇచ్చినవాళ్ళున్నారు, పుచ్చుకున్నవాళ్ళున్నారు. చెల్లించింది మాత్రం ఆ పిల్లలు. మీ జవాబులో ఈ మూడు చోట్లలో ఎవరెవరున్నారో విడివిడిగా రాయాలి.

అభ్యాసం. టిటికాకా సరస్సులో ఒక నీటిలోపలి రాతిదిబ్బ దగ్గర, ఐదున్నర మీటర్ల లోతున, ఒక రాతి పెట్టె దొరికింది. వివరాలు 2020లో వచ్చాయి. లోపల ముల్యు గవ్వతో చెక్కిన చిన్న లామా, చుట్టిన బంగారు రేకు ఉన్నాయి. సరస్సు వైపు నుంచి పది వాక్యాలు రాయండి: నాకేం అందింది, ఎంత దూరం నుంచి వచ్చింది, నేనిప్పుడు ఎవరికి ఏం బాకీ. పాపం, శాంతి, కోపం అనే మాటలు వాడకూడదు. అది పూర్తయ్యాక మూడో పాఠం జవాబును చించేసి మళ్ళీ రాయండి. రెండూ కలిపి పంపితేనే చూస్తాను.