బాస్ చేపల వేట – 4వ పాఠం: టెక్సస్ రిగ్

పోయిన పాఠంలో లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరున్న మంచినీటి వేటచేప) ఎక్కడెక్కడ పొంచి ఉంటుందో చూశాం. మునిగిన మోడు పక్కన, నాచు అంచున, లోతు ఒక్కసారిగా మారే చోట. అలాంటి చోట మామూలు గాలం వేస్తే చేపకంటే ముందు కొమ్మకే తగులుకుంటుంది. డాలస్ నుంచి టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ చెరువుకి వెళ్లొచ్చిన మనవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. 1980లో ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపినప్పుడు అక్కడ చాలా చెట్లను నరక్కుండా వదిలేశారు. టెక్సస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో పడింది కూడా ఆ చెరువులోనే. కాబట్టి మోళ్లకి భయపడి దూరంగా విసరడం మానేసి, మోడు మొదట్లోకే ఎర దించడం నేర్చుకుందాం. గాలం మొనను మెత్తటి ప్లాస్టిక్ ఎరలో దాచి, కొమ్మలకి తగులుకోకుండా చేసే అమరికే టెక్సస్ రిగ్.

ఏడడుగుల మీడియం హెవీ (కాస్త గట్టి) రాడ్, 15 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ లైన్ (నీళ్లలో అంతగా కనిపించని దారం), పావు ఔన్సు బుల్లెట్ సింకర్ (తూటా ఆకారపు బరువు), 3/0 సైజు ఆఫ్‌సెట్ గాలం (మెడ దగ్గర వంపున్నది), ఏడంగుళాల ప్లాస్టిక్ వర్మ్ (వానపాము లాంటి ఎర) తీసుకోండి. రంగుల దగ్గర తికమక పడొద్దు: తేట నీళ్లకి గ్రీన్ పంప్‌కిన్ (ముదురు ఆకుపచ్చ), బురద నీళ్లకి నలుపు-నీలం చాలు.

సింకర్ మొన పైకి ఉండేలా లైన్‌కి ఎక్కించి, గాలాన్ని పాలోమార్ ముడితో (లైన్‌ని రెండు పేటలుగా మడిచి వేసే ముడి) కట్టండి. బిగించేముందు ముడిని ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి లైన్ బలం పోతుంది. ఇప్పుడు గాలం మొనను వర్మ్ తలలోకి పావు అంగుళం గుచ్చి, పక్క నుంచి బయటికి తీయండి. గాలం మెడ దగ్గరి వంపు తలలో దూరేదాకా లాగి, గాలాన్ని సగం చుట్టు తిప్పండి. వర్మ్‌ని గాలం పక్కన వేలాడదీస్తే మొన ఎక్కడ దిగాలో కనిపిస్తుంది. అక్కడ అవతలికి గుచ్చి, బయటికొచ్చిన మొనను వర్మ్ చర్మంలో కొద్దిగా దాచండి. చివరగా కళ్లెదుట పట్టుకుని చూడండి. వర్మ్ తిన్నగా లేకపోతే నీళ్లలో గిరగిరా తిరిగి లైన్‌ని మెలిపెడుతుంది. మళ్లీ గుచ్చాల్సిందే, బద్ధకించొద్దు.

అసలు విద్య విసిరాక మొదలవుతుంది. చాలాసార్లు బాస్ ఎర కిందికి దిగుతుండగానే అందుకుంటుంది. నీళ్లని తాకిన క్షణం నుంచి లైన్ మీదే కళ్లుండాలి. ఎర చెరువు అడుగుకి తగలకముందే లైన్ ఆగిపోయినా, పక్కకి జరిగినా అది చేపే అనుకోండి. ఏ కదలికా లేకుండా అడుగుకి చేరితే రాడ్ కొనను నెమ్మదిగా ఓ పన్నెండు అంగుళాలు లేపి, మళ్లీ దించండి. దించేటప్పుడు లైన్‌ని మరీ బిగపట్టొద్దు, మరీ వదిలేయొద్దు. మోడుకి తగిలితే గట్టిగా లాగక, కొనను చిన్నగా ఆడిస్తే వర్మ్ కొమ్మ దాటి అవతల పడుతుంది. అలా పడ్డ వెంటనే చేప ఎరను పట్టే అవకాశం చాలా ఎక్కువ, అప్పుడే ఏమరుపాటు పనికిరాదు.

టిక్కుమని తగిలిందా? రాడ్ దించి, వదులు లైన్ చుట్టేసి, ఒక్క ఊపున పైకి లాగండి. మొన ప్లాస్టిక్‌ని చీల్చుకుని దవడలో దిగాలి కదా, మొహమాటపడితే చేప ఎరను ఉమ్మేస్తుంది.

లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని నీళ్లలో వదిలేయాలన్నది నియమం. కొలిచేముందు చేతులు తడుపుకోండి. పొడి చేతులకి దాని ఒంటి మీది జిగురు పొర ఊడొస్తుంది.

వచ్చే పాఠంలోగా లోతు తక్కువున్న ఒడ్డున, ఎర మీకు కనిపించే చోట, దించడం ఎత్తడం సాధన చేయండి.