ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఉండగానే బతుకుదెరువు సెట్ చేసుకోవడం ఎలా

ఫైన్ ఆర్ట్స్‌లో సీటొచ్చింది అనగానే ఇంట్లో ఫస్ట్ అడిగేది "అయితే తర్వాత ఏం ఉద్యోగం వస్తుంది" అనే. డ్రాయింగ్ మాస్టారనో యానిమేషన్ అనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాం. కానీ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) సర్టిఫికెట్ చూసి పెయింటింగ్ కొనేవాళ్ళు ఎవరూ ఉండరు కదా. కాలేజీ నుంచి మనకి అసలు దొరికేవి వేరు, బయట డబ్బు పెట్టినా దొరకని వర్క్‌షాపులు, పని చూసి మొహమాటం లేకుండా తిట్టే సీనియర్లు, పక్క డిపార్ట్‌మెంట్లో ఉన్న రేపటి కస్టమర్లు. ఇవన్నీ నాలుగేళ్ళే ఉంటాయి, ఐడీ కార్డు తిరిగిచ్చేసిన రోజు నుంచి గేటు దగ్గర సెక్యూరిటీ కూడా ఎవరు మీరు అంటాడు. కాబట్టి లోపల ఉన్నప్పుడు ఏం రాబట్టుకోవాలో చెప్తా. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అయినా, సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్ అయినా, వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీ అయినా లెక్క ఒకటే.

ముందు వర్క్‌షాపు. మీ స్పెషలైజేషన్ పెయింటింగే అయినా సరే సాయంత్రాలు ప్రింట్ మేకింగ్ సెక్షన్‌లో కూర్చోండి, మట్టి వస్తువులు కాల్చే బట్టీ ఉంటే సెరామిక్స్ దగ్గరికి పోండి. ఎచింగ్ అంటే లోహపు ప్లేటు మీద యాసిడ్‌తో గీతలు తొలిచి కాగితం మీద అచ్చు తీయడం, ఆ ప్రెస్ సొంతంగా కొనడం అంటే మామూలు ఖర్చు కాదు, పైగా ఆ బరువుకి అద్దింటి ఓనర్ ఒప్పుకోవాలి. మన లక్ష్మా గౌడ్ గారినే చూడండి, మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి, అక్కడి నుంచి బరోడా వెళ్ళి మ్యూరల్ (గోడ మీద వేసే బొమ్మ), ప్రింట్ మేకింగ్ నేర్చుకున్నారు, ఆయన పేరు చెప్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎచింగులే. కళ సంగతి పక్కన పెట్టి అమ్మకం లెక్కలో చూసినా ప్రింట్లకి ఒక లాభం ఉంది, కాన్వాస్ ఒకసారి అమ్మితే అయిపోయింది, ఒక ప్లేటు మీద మాత్రం 15 ప్రింట్లు తీసి 1/15, 2/15 అని పెన్సిల్‌తో నంబరేసి సంతకం పెడితే ఒక్కోటి తక్కువ రేటుకి ఇవ్వొచ్చు, మొదటిసారి ఆర్ట్ కొనేవాళ్ళు కూడా ధైర్యం చేస్తారు. 15 అని రాశాక పదహారోది తీయకూడదు, అది మోసం కిందికే వస్తుంది.

చదువు అయిపోయాక మెషీన్లు కావాలంటే హైదరాబాద్‌లో టీ-వర్క్స్ లాంటివి ఉన్నాయి, చెక్క పని, లోహం, త్రీడీ ప్రింటింగ్ అన్నీ చేసుకోవచ్చు. అక్కడ ఎక్కువగా స్టార్టప్ వాళ్ళు కనిపిస్తారు గానీ ఆర్టిస్టులు వెళ్ళకూడదని ఎవరూ అనలేదు.

ఇక అమ్మడం. దీన్ని కాలేజీలో ఎవరూ సబ్జెక్టుగా చెప్పరు, చెప్పించుకోవాలి. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ వాళ్ళు 1961లోనే ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ మొదలుపెట్టారు, కె.జి. సుబ్రమణియన్ లాంటి పెద్ద ఆర్టిస్టు కూడా ఆ ఫెయిర్ కోసం బొమ్మలు చేసేవారు, స్టూడెంట్లూ మాస్టార్లూ కలిసి తయారుచేసి జనానికి అమ్మేవాళ్ళు. అంత పెద్దాయనకే చిన్నతనం అనిపించనప్పుడు మనకెందుకు మొహమాటం. మీ కాలేజీలో అలాంటిది లేకపోతే పదిమంది కలిసి డీన్ గారికి లెటర్ పెట్టండి, రెండు రోజులు కారిడార్ ఇవ్వండి చాలు అని. పెద్ద కాన్వాసులతో పాటు చిన్నవి, చేత్తో పట్టుకుని పోగలిగేవి ఎక్కువ పెట్టండి, ప్రతి దాని మీద రేటు రాయండి (రేటు లేకపోతే సగం మంది అడక్కుండానే వెళ్ళిపోతారు, మన జనం సంగతి తెలిసిందేగా), క్యూఆర్ కోడ్ అంటించండి, ఒక నోట్‌బుక్‌లో ఎవరు ఏం కొన్నారో మాత్రమే కాదు, ఏది చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశారో కూడా రాసుకోండి. కొన్నవాళ్ళ నంబర్లు అడిగి తీసుకోండి, వచ్చే ఏడాది ఫస్ట్ మెసేజ్ వాళ్ళకే.

పిలవాల్సింది ఎవరినంటే, జేఎన్ఏఎఫ్ఏయూ వాళ్ళకైతే పక్కనే ఆర్కిటెక్చర్ కాలేజీ ఉంది. ఆ పిల్లలే పదేళ్ళలో హోటళ్ళూ విల్లాలూ డిజైన్ చేస్తారు, గోడ ఖాళీగా ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళే డిసైడ్ చేస్తారు. ఒకే యూనివర్సిటీలో చదువుతూ నాలుగేళ్ళలో వాళ్ళతో ఒక్కసారి కూడా టీ తాగనివాళ్ళు ఉన్నారంటే ఏమనాలో నాకైతే తెలీదు.

రేటు దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు కాబట్టి లెక్క వివరంగా చెప్తా. ఒక పెయింటింగ్‌కి సామాన్లు 1,800 అయ్యాయి, ఫ్రేము 1,200, ఆరు రోజులు పట్టింది, రోజుకి 1,000 వేసుకుంటే 6,000, మొత్తం 9,000. గ్యాలరీ వాళ్ళు 40 శాతం తీసుకుంటాం అన్నారనుకోండి, మనవాళ్ళు 9,000కి 40 శాతం కలిపి 12,600 అని చెప్పేస్తారు. కానీ గ్యాలరీ కోసేది అమ్మిన రేటు మీద, 12,600లో 40 శాతం పోతే చేతికొచ్చేది 7,560 మాత్రమే. 9,000 రావాలంటే దాన్ని 0.6తో భాగించాలి, అంటే 15,000 చెప్పాలి. అదే బొమ్మ ఇంటి దగ్గర 9,000కి ఇచ్చేస్తే మాత్రం గ్యాలరీ వాళ్ళు మళ్ళీ మీ పని పెట్టరు, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది, ఎక్కడైనా ఒకటే రేటు ఉండాలి.

కమిషన్ పనులు, అంటే రెస్టారెంట్ గోడ మీద మ్యూరల్, ఎవరిదో పోర్ట్రెయిట్ లాంటివి వచ్చినప్పుడు ఒక పేజీ అగ్రిమెంట్ లేకుండా బ్రష్ ముట్టుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం డబ్బు తీసుకుని ఒకరి కోసం వేసిన పెయింటింగ్‌కి, పోర్ట్రెయిట్‌కి, వేరేగా రాసుకోకపోతే కాపీరైట్ వేయించుకున్నవాళ్ళదే అవుతుంది. రేపు వాళ్ళు దాన్ని టీషర్టుల మీద అచ్చేసి అమ్ముకున్నా మీరు పెద్దగా అనేదేం ఉండదు. "కాపీరైట్ ఆర్టిస్టుదే, గోడ మీద ఉంచుకునే హక్కు వీళ్ళది" అని ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు. కాపీరైట్ రాసిచ్చేటప్పుడు కూడా ఎంతకాలానికో రాయండి, రాయకపోతే చట్టం 5 ఏళ్ళు అనుకుంటుంది. ఇంకోటి చాలామందికి తెలీదు, సెక్షన్ 53ఎ అని ఉంది, మొదట హక్కు మీదే అయిన ఒరిజినల్ పెయింటింగ్‌ని తర్వాత ఎవరైనా 10,000 పైన మళ్ళీ అమ్మితే మీకు అందులో వాటా రావాలి, గరిష్ఠంగా 10 శాతం. వసూలు చేసుకోవడం అంత ఈజీ కాదు, అయినా ప్రతి పనికీ బిల్లు, ఫోటో, సైజు, తేదీ దాచిపెట్టుకోండి, అవి లేకపోతే అడగడానికి కూడా ఉండదు.

డబ్బు సాయం గురించి. అన్నిటికంటే నాకు నచ్చిన పద్ధతి తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలది, శిల, లోహ, కొయ్య శిల్పం, వర్ణచిత్రం లాంటి డిప్లొమాలు ఉన్నాయి, కలంకారి కూడా నేర్పుతారు. చేరిన స్టూడెంట్ పేరు మీద లక్ష రూపాయలు డిపాజిట్ వేసి కోర్సు పూర్తయ్యాక వడ్డీతో ఇస్తారు. సర్టిఫికెట్‌తో పాటు ఉలీ సుత్తీ కొనుక్కుని సొంతంగా పని మొదలుపెట్టేంత పెట్టుబడి కూడా ఇవ్వడం అన్నమాట, మిగతా కాలేజీలు కాపీ కొట్టాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

అది లేనివాళ్ళకి సెంట్రల్ స్కీములు ఉన్నాయి. 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి యంగ్ ఆర్టిస్ట్ స్కాలర్‌షిప్, నెలకి 5,000 చొప్పున రెండేళ్ళు, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్న సీసీఆర్‌టీ అనే సంస్థ చూసుకుంటుంది. 25 దాటాక జూనియర్ ఫెలోషిప్ నెలకి 10,000, 40 దాటితే సీనియర్ ఫెలోషిప్ 20,000, అవి కూడా రెండేళ్ళే. ఫెలోషిప్‌కి ప్రాజెక్టు రాసేటప్పుడు "అంతరించిపోతున్న కళను కాపాడటం" అని మొదలుపెట్టారంటే మీ అప్లికేషన్ కట్టలో కలిసిపోతుంది, వచ్చినవాటిలో చాలావరకు అలాగే ఉంటాయి మరి. ఏ ఊరు, ఎవరి దగ్గర, ఎన్ని పనులు, ఆరు నెలలకి ఏం చూపిస్తారు అనేది రాయండి. చేర్యాల నకాషీ (ఆ ఊరి సంప్రదాయ పటాలు, ముసుగుల కళ) మీద చేస్తా అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు దగ్గర్నుంచి రాయగలగాలి, అంటే ముందు వెళ్ళి చూసి రావాలి.

చేతివృత్తుల వాళ్ళ కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ స్కీము గురించి చాలామంది అడుగుతారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, ట్రైనింగ్‌లో రోజుకి 500, పనిముట్లకి 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది కట్టాక ఇంకో 2 లక్షల వరకు లోన్. కానీ లిస్టులో 18 వృత్తులే ఉన్నాయి, బొమ్మలు చేసేవాళ్ళు, శిల్పులు, కుమ్మరులు ఉన్నారు, పెయింటర్లు లేరు. ఏటికొప్పాక లక్క బొమ్మలో కొండపల్లి బొమ్మలో చేసే ఇంటివాళ్ళయితే మీసేవ లాంటి సీఎస్‌సీ (కామన్ సర్వీస్) సెంటర్‌కి ఆధార్ పట్టుకుని వెళ్ళండి, ఇంటికి ఒక్కరికే ఇస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు మాత్రం సొంత పని చేసుకునేవాళ్ళు అందరూ చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, దానికి ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

చివరిగా, కాలేజీ అయిపోయాక ఒక్కరే మిగలకుండా చూసుకోవడం. ఇది చెప్పాలంటే మద్రాసు దగ్గరున్న ఆర్టిస్టుల ఊరు చోళమండలం గురించి చెప్పాలి. మద్రాసు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణికర్ తన స్టూడెంట్లు బయటికెళ్ళాక బొమ్మలు వేయడం మానేసి ఏవేవో ఉద్యోగాల్లోకి పోతున్నారని బాధపడి అందర్నీ కూడేశారు. బాటిక్ (గుడ్డ మీద మైనంతో అద్దకం) లాంటి చేతిపనులు చేసి అమ్మారు, ఆ డబ్బుతో ఇంజంబాక్కంలో సముద్రం పక్కన స్థలం కొని 1966లో ఆర్టిస్టుల ఊరే కట్టుకున్నారు, ఇప్పటికీ ఉంది, గ్యాలరీతో సహా. కొంత టైము బాటిక్, మిగతా టైములో సొంత పెయింటింగ్, అంటే తిండికి ఒక పని, మనసుకి ఒక పని, రెండూ ఒకే చోట. మన దగ్గర దామెర్ల రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్లో చదివొచ్చి రాజమండ్రిలో శిష్యుల్ని తయారుచేశారు, 1925లో ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయారు, అయినా ఆయన చుట్టూ కూడినవాళ్ళు ఉండబట్టే ఆయన బొమ్మలు చెదిరిపోకుండా ఈరోజు ఆ ఊళ్ళో ఆర్ట్ గ్యాలరీలో చూడగలుగుతున్నాం.

మనకి ఇప్పుడు సిటీలో ఎకరాలు కొనే సీన్ లేదు గానీ ఫైనల్ ఇయర్‌లోనే నలుగురైదుగురు కలిసి ఒక షెడ్డో పాత ఇంటి పై ఫ్లోరో అద్దెకి మాట్లాడుకోవచ్చు. ఏడుగురైతే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు, వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే 1995 చట్టం కింద పరస్పర సహాయ సహకార సంఘం పెట్టుకోవచ్చు, వ్యాపారం చేసి లాభం పంచుకోవాలనుకుంటే రెండోదే కరెక్టు, సొసైటీలో లాభాలు పంచుకోవడం కుదరదు. ఫ్రెండ్సే కదా అని రూల్స్ రాసుకోకుండా మొదలుపెట్టొద్దు. అద్దె ఎవరిది ఎంత, బట్టీ కరెంటు బిల్లు వాడినవాళ్ళే కట్టాలా అందరూనా, అమ్మిన దాంట్లో ఎంత శాతం ఉమ్మడి ఖాతాకి పోవాలి, బ్యాంకు అకౌంట్‌లో ఇద్దరి సంతకం ఉండాలి, మధ్యలో పెళ్ళి అయ్యో ఉద్యోగం వచ్చో ఒకరు వెళ్ళిపోతే వాళ్ళ అడ్వాన్సు ఎన్ని నెలల్లో తిరిగివ్వాలి, ఇవన్నీ తాళంచెవి తీసుకోకముందే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి, ఒక కాపీ ఇంటి ఓనర్‌తో రాసుకున్న అగ్రిమెంట్‌తో పాటు ఫైల్లో పెట్టుకోండి.