వేదిక మీద బేస్ గిటార్ వినడానికి హెడ్‌ఫోన్ల ఎంపిక

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావైన ఇ తీగను ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే సుమారు 41 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది. ఐదు తీగల గిటార్‌లోని బి తీగ 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. హెడ్‌ఫోన్ల డబ్బాల మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి ఏది కొన్నా ఈ స్వరాలు వినిపిస్తాయని చాలామంది అనుకుంటారు. ఆ అంకెలు ఏ స్వరం ఎంత బలంగా పలుకుతుందో చెప్పవు, ఆ పరికరం మీ చెవిలో గాలి చొరకుండా కూర్చుంటుందో లేదో అసలే చెప్పవు. బేస్ వాయించేవారు మొదట తేల్చుకోవలసింది ఈ రెండో విషయాన్నే.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇ తీగను నిదానంగా మీటుతూ, చెవిలో దూరే మెత్తని తొడుగును, అంటే టిప్‌ను, వేలితో కాస్త లోపలికి నొక్కి, మళ్లీ వదిలి చూడండి. నొక్కినప్పుడు నిండుగా ఉన్న స్వరం, వదిలి వెంట్రుకవాసి సందు ఏర్పడగానే పలచబడి, తీగకు వేలు తగిలిన చప్పుడు మాత్రమే మిగులుతుంది. మూసుకుపోయిన చెవి రంధ్రంలోని కొద్దిపాటి గాలిని డ్రైవర్, అంటే ఇయర్‌ఫోన్ లోపల ధ్వని పుట్టించే చిన్న భాగం, సులువుగా ఒత్తగలదు. సందు ఉంటే ఆ ఒత్తిడి బయటికి జారిపోతుంది, అందులో ముందుగా పోయేది మంద్రస్థాయి ధ్వనే. ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో నేను బేస్ పెంచమని సౌండ్ ఇంజనీరును మూడుసార్లు అడిగాను. పొరపాటు ఆయనది కాదు: కోరస్ పాడటానికి నోరు తెరిచినప్పుడల్లా దవడ కదిలి, నా కుడి చెవిలోని టిప్ వదులవుతోంది.

రకం విషయంలో ఎక్కువ ఆలోచన అక్కరలేదు. వెనుక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు డ్రమ్స్ చప్పుడంతా లోపలికి రానిస్తాయి కాబట్టి వేదికకు పనికిరావు. సోనీ ఎండీఆర్-7506, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో వంటి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లు స్టూడియోకూ రిహార్సల్‌కూ నమ్మదగినవి, కానీ తల ఊపితే జారతాయి, మండు వేసవి కచేరీలో చెమట పట్టిస్తాయి, కళ్లద్దాలు పెట్టుకునేవారికి అద్దాల కాడ దగ్గరే సందు పడుతుంది. అందుచేత వేదికకు కేబుల్‌తో వచ్చే, చెవి రంధ్రంలో అమరే ఇన్-ఇయర్ మానిటర్లే నా సిఫారసు. బ్లూటూత్ ఇయర్‌బడ్లను ఎంత ఖరీదైనవైనా పక్కన పెట్టండి. వాటిలో ఆలస్యం తరచుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది, అంటే మీ ఆంప్‌ను 34 మీటర్ల దూరం నుంచి వింటూ వాయించినట్టు. మిక్సర్ నుంచి ధ్వనిని అందుకోవడానికి కళాకారులు నడుముకు తగిలించుకునే రేడియో బెల్ట్ ప్యాక్‌ల సంగతి వేరు. ఆ ఇబ్బంది లేకుండానే వాటిని తయారు చేస్తారు.

డ్రైవర్ల సంఖ్య చూసి మోసపోవద్దు. ష్యూర్ ఎస్ఈ215లో ఉన్నది ఒకే ఒక డైనమిక్ డ్రైవర్, అయినా సరిగ్గా అమరితే ఇ తీగను చక్కగా వినిపిస్తుంది. నేను ఎక్కువగా అనుమానించేది ఎక్స్‌ట్రా బేస్ అని రాసి ఉన్న వాటిని. ఇ స్వరానికీ పక్కనున్న ఎఫ్ స్వరానికీ మధ్య తేడా రెండున్నర హెర్ట్జ్ కూడా ఉండదు. ఆ తేడాను చెవి పట్టుకునేది 82, 123 హెర్ట్జ్‌లోనూ ఆ పైనా, అసలు స్వరంతో పాటే సన్నగా పలికే అనుస్వరాల (హార్మోనిక్స్) సాయంతోనే. 100 హెర్ట్జ్ చుట్టుపక్కల అతిగా ఉబ్బించిన హెడ్‌ఫోన్ వాటిని గుమ్మన్న మోతలో కలిపేస్తుంది. ఆ మోత సబ్‌వూఫర్ల నుంచి చెక్కల మీదుగా మీ కాళ్లకు ఎలాగూ అందుతూనే ఉంటుంది. వేదిక మీద నిజంగా కరువయ్యేది స్వరం మొదలయ్యే క్షణంలోని స్పష్టత. అది 700 నుంచి 1,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి సౌండ్ ఇంజనీరు మీ చెవికి కలిపి పంపే మానిటర్ మిక్స్‌లోనూ మొదట అక్కడ కాస్త పెంచమని అడగండి.

దుకాణానికి మీ గిటార్‌నూ చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌నూ వెంట తీసుకెళ్లండి. చెవిలో పెట్టుకునే వస్తువు కనుక తెరిచి చూడనివ్వకపోవచ్చు. మీ సొంత టిప్‌లు తొడుగుతానంటే కొందరు ఒప్పుకుంటారు. ఇ తీగ మీద మొదలుపెట్టి ఒక్కొక్క ఫ్రెట్టే ఎక్కుతూ ఒకే బలంతో వాయించండి. ఒక స్వరం ఎగిరిపడి పక్కది మునిగిపోతే ఆ హెడ్‌ఫోన్ వద్దు. తరువాత ఫోన్‌లో కిక్ డ్రమ్ గట్టిగా ఉన్న పాట పెట్టి దానితో కలిసి వాయించండి; కిక్ పడిన ప్రతిసారీ బేస్ చిరిగినట్టు వినిపిస్తే ఆ డ్రైవర్‌కు రెంటినీ మోసే శక్తి లేదన్నమాట. చివరగా దవడ ఆడించి, తల అటూ ఇటూ తిప్పి, అరగంట అలాగే ఉంచుకోండి.

ఇంపెడెన్స్, అంటే హెడ్‌ఫోన్ విద్యుత్తుకు చూపే నిరోధం గురించి ఒక్క మాట: బ్యాటరీతో నడిచే బెల్ట్ ప్యాక్‌కు 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే శబ్దం చాలదు. 16 నుంచి 64 ఓమ్‌ల మధ్య ఉన్నది తీసుకోండి.

కొన్నాక డబ్బాలో వచ్చిన టిప్‌లన్నీ వేసి చూడండి. రెండు చెవులకు రెండు సైజులు అవసరం కావడం మామూలే. ఫోమ్ టిప్ అయితే వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. ఏ సైజూ కుదరనివారు ఆడియాలజిస్ట్ దగ్గర చెవి అచ్చు తీయించి కస్టమ్ ఇన్-ఇయర్‌లు చేయించుకోవచ్చు. పాడే అలవాటు ఉంటే నోరు తెరిచి ఉంచి అచ్చు తీయమని ముందే చెప్పాలి.

సందు లేని అమరికతో చెవికీ మేలే, ఎందుకంటే బయటి చప్పుడు తగ్గినప్పుడు వాల్యూమ్ తక్కువలోనే పెట్టుకోవచ్చు. అమెరికాలోని నియోష్ సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్ల ధ్వనిలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు, పెరిగే ప్రతి 3 డెసిబెల్లకూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే మిగులుతుంది. జనం కేకలు వినాలని ఒక వైపు తీసేసి వాయించేవారు రెండో వైపు తెలియకుండానే పెంచేస్తారు. దానికంటే ప్రేక్షకుల వైపు ఒక మైక్ పెట్టించి, దాన్ని మీ మిక్స్‌లో కలపమనడం మంచిది.

కేబుల్ ఊడదీయగలిగేదై, చెవి మీదుగా వెనక్కి వెళ్లేలా ఉండాలి. మొదట పాడయ్యేది అదే. కచేరీ అయ్యాక చెమట తుడిచి, టిప్ తొడిగే గొట్టం మొనలో (నాజిల్‌లో) గులిమి లేకుండా చూసి, సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెట్టండి. గిటార్ కేసు జేబులో ఒక కేబుల్, రెండు జతల టిప్‌లు ఎప్పుడూ ఉంచుకోండి.