ఒకే పెట్ స్కాన్‌లో రెండు ట్రేసర్లు – 3వ పాఠం: అర్ధాయువుతో విడదీయడం

పెట్ స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక మందే ట్రేసర్. అది వదిలే పాజిట్రాన్ల (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ల) వల్ల పుట్టే సంకేతాలతో యంత్రం బొమ్మ గీస్తుంది. రెండు ట్రేసర్లు కలిపి ఇస్తే ఏది ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? కిందటి పాఠంలో ఈ చిక్కు దగ్గరే ఆగాం. ట్రేసర్‌లోని రేడియోధార్మిక పరమాణువు ఫ్లోరిన్-18 అయినా, కార్బన్-11 అయినా, దాని పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ను తాకి మాయమైనప్పుడు పుట్టేది ఒకే రకం జంట: 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఫోటాన్లు (కాంతి రేణువులు) రెండు. ఆ జంట ఏ ట్రేసర్ నుంచి వచ్చిందో డిటెక్టర్‌కు తెలిసే దారి లేదు. అందుకే ఇవాళ కాలాన్ని పట్టుకుని విడదీద్దాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

మెదడు కణితి ఉన్న రోగికి రెండు ట్రేసర్లు ఇచ్చారనుకుందాం. ఒకటి కార్బన్-11 మెథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం), అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 20.4 నిమిషాలు. రెండోది ఫ్లోరిన్-18 ఎఫ్‌డీజీ (గ్లూకోజ్ లాంటి పదార్థం), 109.8 నిమిషాలు. ఎఫ్‌డీజీని మామూలు మెదడు కూడా బాగా పీల్చుకుంటుంది కాబట్టి కణితి అంచు చాలాసార్లు అందులో కలిసిపోతుంది. మెథియోనిన్‌లో ఆ అంచు మెరుగ్గా కనిపిస్తుంది. రెండూ కావాలనుకోవడానికి కారణం అదే.

బొమ్మలో ఒక చిన్న భాగంలో మొదటి కొలత (అక్కడి నుంచి వచ్చిన ఫోటాన్ జంటల లెక్క) 1000 వచ్చింది. 41 నిమిషాల తర్వాత అదే చోట 458. ఈ వ్యవధిలో కార్బన్ దాదాపు 0.25 వంతు మిగులుతుంది, ఫ్లోరిన్ 0.77 వంతు. మొదట్లో ఉన్న కార్బన్‌ను క, ఫ్లోరిన్‌ను ఫ అందాం.

క + ఫ = 1000
0.25 క + 0.77 ఫ = 458

మొదటి సమీకరణాన్ని 0.77తో గుణిస్తే 770. అందులోంచి 458 తీసేస్తే 312. దాన్ని 0.52తో భాగిస్తే క = 600. మిగతా 400 ఫ్లోరిన్‌ది. పదో తరగతి లెక్కే.

అసలు విషయం ఆ 0.52లో ఉంది. అది 0.77కూ 0.25కూ ఉన్న తేడా. కొలతలో నాయిస్ (యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు) ఎప్పుడూ ఉంటుంది. 458 బదులు 474 వచ్చిందనుకోండి. క ఇప్పుడు 569. అంటే 16 తప్పు కాస్తా 31 అయింది. ఇది ఓర్చుకోవచ్చు.

కార్బన్ స్థానంలో గాలియం-68 పెట్టి చూడండి. దాని అర్ధాయువు 67.7 నిమిషాలు, 41 నిమిషాలకు 0.66 వంతు మిగులుతుంది. తేడా 0.11 మాత్రమే. అదే 16 తప్పు ఇక్కడ 145 అవుతుంది! ఇంకాసేపు ఆగితే బాగుపడుతుంది కానీ, దానికీ హద్దుంది. ఈ జంటకు తేడా అత్యధికంగా ఉండేది సుమారు 123 నిమిషాల దగ్గర. అప్పుడు కూడా అది 0.18 దాటదు. ఆ తర్వాత ఆ తేడా కూడా తగ్గిపోతూ ఉంటుంది. కాబట్టి ఏ జంటనైనా ఎంచుకునే ముందు ఈ తేడా లెక్క వేసుకోండి. నా దృష్టిలో ట్రేసర్ పేరు కన్నా ముందు చూడాల్సింది ఇదే.

ఇంతవరకూ మందు ఉన్నచోటే ఉందని అనుకున్నాం. ఒంట్లో అలా ఉండదు. ఎఫ్‌డీజీ ఇచ్చాక గంటసేపైనా కణాల్లో చేరుతూనే ఉంటుంది. అందుకే నిజమైన పద్ధతుల్లో రెండు ఇంజెక్షన్లనూ కొన్ని నిమిషాల ఎడంతో ఇస్తారు. స్కాన్ ఆపకుండా నడుస్తుంది. మొదటి ట్రేసర్ ఒంటరిగా ఉన్నప్పుడు గీసిన వక్రాన్ని ముందుకు పొడిగించి, రెండోది కలిశాక వచ్చిన మొత్తంలోంచి తీసేస్తారు. ఆ పొడిగింపుకు ట్రేసర్ కణంలోకి వెళ్లే, బయటికి వచ్చే వేగాల నమూనా కావాలి. అది 5వ పాఠంలో.

విడదీసే తలనొప్పి అక్కర్లేదనుకుంటే కార్బన్ స్కాన్ ముందు చేసి రెండు గంటలు ఆగడం ఉండనే ఉంది. అప్పటికి దానిలో 2 శాతం కూడా మిగలదు. రోగికి టైం ఎక్కువ పడుతుంది, అంతే.

అభ్యాసం: కార్బన్, ఫ్లోరిన్ జంటే, వ్యవధి 41 నిమిషాలే. మొదటి కొలత 800.
అ) రెండో కొలత 330. క, ఫ ఎంత?
ఆ) రెండో కొలత 640. క మైనస్‌లో వస్తుంది. మీ లెక్క తప్పలేదు. ఇది నాయిస్ వల్ల కావచ్చు, ఇంకో కారణం వల్లా కావచ్చు. ఆ రెండో కారణం ఏమిటో ఒక వాక్యంలో రాయండి.

జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను. 511తో పాటు మూడో గామా కిరణాన్ని కూడా వదిలే అయోడిన్-124, స్కాండియం-44 లాంటి వాటి గురించీ అక్కడే.