మనిషిని అంచనా కట్టే విద్య – నాలుగో పాఠం: ‘కానీ’ దగ్గర ఆగడం

గడచిన మూడు పాఠాల్లో మీరు ఒక వ్యక్తిని ఎంచుకొని, ఆయన లేదా ఆమె చేసిన పనులను విశేషణాలేవీ తగిలించకుండా నోటుపుస్తకంలో వరుసగా రాసుకున్నారు. ‘ధీరోదాత్తుడు’, ‘క్రూరుడు’ వంటి తీర్పు మాటలు కనిపించిన చోటల్లా కొట్టివేశారు. ఇప్పుడు ఆ పనులను వాక్యాలుగా కూర్చాలి. హనుమకొండలో ఆదివారం తరగతులకు వచ్చేవారిని చాలాకాలంగా గమనిస్తున్నాను; పనులు సేకరించడంలో ఎవరూ పెద్దగా తడబడరు, గొప్పతనాన్నీ లోపాన్నీ ఒకే పేరాలోకి తేవలసి వచ్చినప్పుడే కలం ఆగిపోతుంది.

ముందు ఈ రెండు వాక్యాలను పైకి చదవండి.

‘కర్ణుడు నిండు సభలో ద్రౌపదిని అవమానించాడు, కానీ అడిగినవారికి కవచకుండలాలను సైతం కోసి ఇచ్చిన దాత.’

‘కర్ణుడు అడిగినవారికి కవచకుండలాలను సైతం కోసి ఇచ్చిన దాత, కానీ నిండు సభలో ద్రౌపదిని అవమానించాడు.’

రెండింటిలోనూ ఉన్న సమాచారం ఒక్కటే, అయినా మొదటిది చదివినవారు కర్ణుణ్ణి క్షమిస్తారు, రెండోది చదివినవారు క్షమించరు. మన వాక్యంలో బరువంతా చివరికి చేరుతుంది కనుక ‘కానీ’ తరువాత వచ్చినదే చెవిలో నిలిచిపోతుంది. రాసేవారు తీర్పు చెబుతున్నామని అనుకోరు, పదాల వరుసే వారి తరఫున ఆ పని కానిచ్చేస్తుంది. అంతకన్నా మెల్లగా పనిచేసేది మరొకటి ఉంది: క్రియాజన్య విశేషణం. ‘ద్రౌపదిని అవమానించిన కర్ణుడు కృష్ణుడు ఇస్తానన్న రాజ్యాన్ని కాదన్నాడు’ అని రాసినప్పుడు అవమానం పేరుకు ముందు విశేషణమై ఒదిగిపోయి, అందరికీ ముందే తెలిసిన పాత సంగతిలా మారుతుంది. రాజ్యాన్ని కాదనడం మాత్రమే కళ్ల ముందు జరుగుతున్నట్టు ఉంటుంది. తెలుగులో తప్పును దాచడానికి ఇంత సున్నితమైన తెర మరొకటి లేదని నా అభిప్రాయం. అందుచేత ఈ పాఠంలో మొదటి నియమం: లోపాన్ని చెప్పే క్రియ సమాపక క్రియగానే ఉండాలి, ‘అవమానించాడు’ అని ఒక వాక్యం పూర్తి కావాలి.

ఇక ‘కానీ’ని తీసివేసి చూద్దాం. దాని స్థానంలో ఏం పెట్టాలో తెలియాలంటే, ఆ రెండు పనులూ ఒకే వేరు నుంచి పుట్టాయా, వేర్వేరు వేళ్ల నుంచి పుట్టాయా అని నోటుపుస్తకంలో వెతకాలి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి జన్మరహస్యం చెప్పి, పాండవులలో పెద్దవాడివి నీవే, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు ఒప్పుకోడు. దుర్యోధనుడు తన మీద పెట్టుకున్న నమ్మకాన్ని విడిచి రాలేనంటాడు. ఆ సంభాషణలోనే, దుర్యోధనుడికి ప్రియం కలిగించడానికి పాండవులను పరుషంగా మాట్లాడాననీ, ఆ పనికి ఇప్పుడు తపిస్తున్నాననీ స్వయంగా చెబుతాడు. చేతికందిన రాజ్యాన్ని కాదనడానికీ, సభలో నోరు జారడానికీ వెనుక ఉన్నది ఒకే కృతజ్ఞత. ఇప్పుడు వాక్యం ఇలా వస్తుంది: ‘తనకు అంగరాజ్యమిచ్చి నిలబెట్టిన దుర్యోధనుడి రుణం తీర్చుకోవడమే బతుకుగా పెట్టుకున్న కర్ణుడు, ఆ రుణం కోసమే సభలో ద్రౌపదిని అవమానించాడు, ఆ రుణం కోసమే కృష్ణుడు చూపిన సింహాసనాన్నీ వదులుకున్నాడు.’

గమనించండి, దానగుణం ఈ వాక్యంలోకి రాలేదు. అది దుర్యోధనుడి రుణం నుంచి పుట్టినది కాదు కాబట్టి దానికి వేరే వాక్యం కావాలి, బలవంతంగా ఇందులో ఇరికించకూడదు. మరొక జాగ్రత్త కూడా అవసరం. వేరు దొరకగానే రాసేవారికి ఒక తృప్తి కలుగుతుంది, ఆ తృప్తిలో తప్పుకు గురైన మనిషిని మరచిపోతారు. సంస్కృత మూలంలో కర్ణుడు పశ్చాత్తాపం చెప్పుకున్న ఆ శ్లోకంలో పాండవుల పేరుంది, ద్రౌపది పేరు లేదు. ఈ విషయం కూడా మీ పేరాలో ఉండాలి. ఉంటేనే అది నిజాయితీ గల పేరా అవుతుంది.

పురాణపాత్రతో నేర్చుకున్నది చరిత్రలోని మనిషికి ఎలా అన్వయిస్తుందో చూడటానికి తరగతినంతా వరంగల్ కోటకు తీసుకువెళ్లాను. కీర్తి తోరణాల దగ్గర, పడి ఉన్న రాళ్ల మీద కూర్చొని, ప్రతాపరుద్రుడి గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. దాదాపు అందరూ ‘మహావీరుడైన చివరి కాకతీయ చక్రవర్తి’ అని మొదలుపెట్టారు. ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం చాలాసేపు పెన్ను మూత తీయకుండా కూర్చొని, చివరకు ఒకే వాక్యం రాసి నాకు చూపింది: ‘మా కథలో ఈయన కప్పం అడిగిన రాజు.’

మేడారం జాతరకు తరతరాలుగా వెళ్లే ఇంటి పిల్ల ఆమె. అక్కడ చెప్పుకునే కథలో కరువు వచ్చి కోయదొర పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోతాడు, ప్రతాపరుద్రుడి సేన మేడారం మీదికి వస్తుంది, ఆయన కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకుతాడు, ఆ వాగు జంపన్న వాగవుతుంది, పగిడిద్దరాజు భార్య సమ్మక్క పోరాడి చిలుకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోతుంది. కోటలో కూర్చుంటే కనిపించే రాజు వేరు, గద్దెల ముందు బెల్లం మోసుకొని నిలబడితే కనిపించే రాజు వేరు. ఆ అమ్మాయి వాక్యం చూశాక ఆ రోజు అనుకున్న పాఠాన్ని పక్కన పెట్టి, అందరినీ ‘కప్పం’ అనే ఒక్క మాటను ఆధారం చేసుకొని మళ్లీ రాయమన్నాను.

ఎందుకంటే ఆ మాట కోటలోనూ ఉంది. 1303లో వచ్చిన ఢిల్లీ సేనను కాకతీయులు వెనక్కి పంపారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు ఇచ్చి సంధి చేసుకున్నాడు, ఏటేటా కప్పం కడతానని ఒప్పుకున్నాడు. వీలు చిక్కినప్పుడల్లా ఆ కప్పం ఆపేశాడు, 1318లో మరో ఢిల్లీ సేనాని ఖుస్రూ ఖాన్ వస్తే మళ్లీ ఇచ్చాడు. ఆ తరువాత ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలమై సేన దేవగిరి వైపు తగ్గిపోయినప్పుడు, గండం గడిచిందని నమ్మి కోటను మళ్లీ యుద్ధానికి సిద్ధం చేయలేదని చరిత్రకారులు చెబుతారు. కొన్ని నెలలకే, 1323లో, ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చాడు, ఈసారి కోట నిలవలేదు. ఇరవై ఏళ్లపాటు ఓర్చుకొని, వంగి, మళ్లీ లేచి రాజ్యాన్ని కాపాడిన ఆ నమ్మకమే చివరి ఏట ఆయనను ఏమరుపాటులో పడేసిందని నేను చదువుకుంటాను. ఇక్కడ వేరు ఒక్కటే.

మరి మేడారం కప్పం? ఢిల్లీకి కట్టవలసిన భారాన్నే రాజు అడవి మీద మోపాడని రాయాలని తరగతిలో ముగ్గురికి అనిపించింది. వినడానికి ఎంతో బాగుంది, అయినా వద్దన్నాను. ఒకటి రాతల్లో నమోదైన చరిత్ర, మరొకటి నోటి నుంచి నోటికి నడిచిన కథ. రెండింటినీ ‘అందువల్ల’ అని ముడివేయడానికి మన చేతిలో ఆధారం లేదు. ముడి వేయకపోయినా పక్కపక్కన నిలబెట్టవచ్చు: ‘ఢిల్లీకి కప్పం కట్టడం ఆపిన రాజును కోట గుర్తుపెట్టుకుంది. కట్టలేనన్నవారి మీదికి సేనను పంపిన రాజును మేడారం గుర్తుపెట్టుకుంది.’ రెండు వాక్యాలు, రెండు సమాపక క్రియలు, మధ్యలో ఏ సంధానమూ లేదు. కథను చరిత్ర కన్నా తక్కువ చేసి ‘అంటారట’ అని తోసివేయనూ లేదు, ఎవరు గుర్తుపెట్టుకున్నారో చెప్పాము.

అభ్యాసం. బందీగా ఢిల్లీకి తీసుకువెళుతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని కాకతీయుల తరువాతి పాలకుడు ప్రోలయనాయకుడి విలస శాసనం చెబుతుంది. నూరేళ్ల తరువాత, 1423 నాటి కలువచేరు శాసనం ఆయన తన ఇష్టంతోనే దివికి వెళ్లాడంటుంది. ఈ రెండు ఆధారాలను వాడి ఆ మరణాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి. ‘కానీ’, ‘అయితే’, ‘అయినప్పటికీ’ వాడకూడదు. ‘అందువల్ల’ వాడితే దానికి ఆధారం పక్కనే చూపాలి. ‘తన ఇష్టంతో’ అన్న మాట ఎవరి నోటి నుంచి వస్తున్నదో వాక్యంలోనే తెలియాలి. రాసిన తరువాత మీ ఇంట్లో మేడారం వెళ్లివచ్చిన పెద్దవారెవరైనా ఉంటే వారికి పైకి చదివి వినిపించి, వారు ఏ వాక్యం దగ్గర తల ఎత్తారో మార్జిన్‌లో గుర్తు పెట్టుకోండి. ఐదో పాఠాన్ని ఆ గుర్తుల దగ్గర మొదలుపెడతాను.